చాదస్తం కాదు, జబ్బు

ఓసీడీని, అంటే వద్దన్నా వదలని భయాలతో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బును, మన అనంతపురంలో ఇంకా చాదస్తమనే కొట్టిపారేస్తున్నాం. మా వీధిలో ఒకావిడ వేళ్లు పగిలి నెత్తురొచ్చేదాకా చేతులు కడిగేది. కొళాయి కట్టేసిన చేయి మళ్లీ మైలపడిందని ఇంకోసారి కడిగేది. ఇంట్లోవాళ్లు తిట్టారు, తాయెత్తు కట్టించారు, నేనూ నవ్వినవాణ్నే. చివరికి బెంగళూరు తీసుకెళ్తే, మందులతోపాటు, భయపడే వస్తువును ముట్టుకుని కడుక్కోకుండా ఓర్చుకునే సాధన చేయించారు. 1966లోనే విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు బాట వేసిన పద్ధతి ఇది. ఇప్పుడు బాగా తగ్గింది. దీనికి 200 కిలోమీటర్లు పోవాలా? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద గుంతకల్లు, కళ్యాణదుర్గం ప్రభుత్వాసుపత్రుల్లో వారానికొక రోజైనా ఈ సాధన తెలిసిన క్లినికల్ సైకాలజిస్టును కూర్చోబెట్టాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరును ఓపీ చీటీల మీద ముద్రించాలి.

– ఒక పాఠకుడు, అనంతపురం