డిశ్చార్జి కాగితంలో ఇంకో రెండు గళ్లు పెట్టించండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

పలమనేరు నుంచి నమస్కారాలు. కాన్పయ్యాక బిడ్డను ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి కాగితం గురించి ఈ లేఖ. నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పసిపిల్లల సంగతి పశువుల వాడికెందుకని మీ పేషీలో ఎవరికైనా అనిపించవచ్చు. పూర్తిగా చదివాక అనుకోమనండి.

మా వైపు ఆవు ఈనితే, దూడ లేచి నిలబడేలోపే రైతు తోక ఎత్తి చూస్తాడు. మలద్వారం ఉండాల్సిన చోట చర్మం మూసుకుని ఉంటే, దూడ ముక్కినప్పుడల్లా అక్కడ ఉబ్బుతుంది. అది కంటికి కనబడే లోపం. చాలాసార్లు చిన్న ఆపరేషన్‌తో దారి తెరవచ్చు. మోసం చేసేది ఇంకోటి. ద్వారం చక్కగానే ఉంటుంది, మొదటి రోజు దూడ జున్నుపాలు తాగుతుంది, తర్వాత పొట్ట డోలులా ఉబ్బి పాలు మానేస్తుంది. థర్మామీటరు పెట్టి తీస్తే పేడ అంటదు, జిగురు మాత్రమే అంటుకుని వస్తుంది. లోపల పెద్దపేగు మధ్యలోనే ఆగిపోయిందన్నమాట. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవుల జాతిలో ఇది తెలిసిన లోపమే.

మనుషుల బిడ్డల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. కానీ దూడ పేడ వేసిందా లేదా అని రైతు కాపలా కాస్తాడు. నేను చూసిన డిశ్చార్జి కాగితాల్లో బిడ్డ బరువుకూ టీకాలకూ చోటుంది గానీ, ఈ ప్రశ్నకు లేదు.

మొదటిది తొలి మలం. నెలలు నిండి పుట్టిన బిడ్డ మామూలుగా 24 గంటల్లో, ఆలస్యమైతే 48 గంటల్లో నల్లటి తొలి మలం పోవాలి. పోకపోతే పేగు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా పేగు చివర నరాల కణాలు లేని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు కావచ్చు. పోయిందని రాస్తే కూడా చాలదు, ఎక్కడి నుంచి పోయిందో చూడాలి. కొందరు ఆడబిడ్డల్లో మలద్వారం లేకపోయినా యోని దగ్గరి సన్నటి రంధ్రంలోంచి మలం వస్తుంది. గుడ్డ మీద మరక చూసి అందరూ నిశ్చింతగా ఉండిపోతారు.

రెండోది పసరు వాంతి. బిడ్డ పచ్చగా కక్కితే కడుపులో మురికి పోతోందిలే అనే అవ్వలు మా ఊళ్లలో ఇంకా ఉన్నారు. కొందరైతే పైగా ఓ చుక్క ఆముదం నాకిస్తారు. ఆకుపచ్చ అంటే పైత్యరసం. అది పేగులోకి దిగే చోటికి కింద దారి మూసుకుపోయిందేమోనని మొదట అనుమానించాలి. కాదని తేలేదాకా అది ఎమర్జెన్సీయే. పేగు మెలితిరిగి ఉంటే రక్తం ఆగి గంటల్లోనే కుళ్లిపోవచ్చు. పొట్ట ఉబ్బలేదు కదా అని ధైర్యపడకూడదు, అడ్డు పైన ఉంటే పొట్ట పల్చగానే ఉంటుంది. కడుపులో ఉండగా బిడ్డ అవయవ లోపాలు చూసే టిఫా స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా అనీ అనుకోకూడదు. ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం, మూసుకుపోవడం చాలాసార్లు ఆరో నెల దాటాక గానీ స్కాన్‌లో కనబడదు.

ఈ సందట్లో నింద తల్లి మీద పడుతుంది. గ్రహణం రోజు బయటికి వచ్చిందనీ, ఏదో తినకూడనిది తిన్నదనీ. 1955లో కేప్‌టౌన్‌లో లౌ, బార్నార్డ్ అనే డాక్టర్లు కుక్క కడుపులోని పిల్లల పేగుకు రక్తం తెచ్చే నాళాలను కట్టేసి చూపించారు. ఆ పిల్లలు పేగు మూసుకుపోయి పుట్టాయి. ఆంత్రమూలానికి కిందున్న చిన్నపేగులో వచ్చే మూతకు గర్భంలో రక్తసరఫరా తెగడమే ముఖ్య కారణమని అలా తేలింది. ఈ బార్నార్డే 1967లో మనిషికి గుండె మార్చిన డాక్టరు.

ఇక నేను అడిగేది. డిశ్చార్జి కాగితంలో రెండు గళ్లు: మలం ఎప్పుడు, ఎక్కడి నుంచి పోయింది, వాంతి ఏ రంగు. నర్సు సంతకం లేకుండా బిడ్డ ఇంటికి పోకూడదు. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త మొదటిసారి ఇంటికి వచ్చేది మూడో రోజున, అప్పటికే ఆలస్యం కావచ్చు. పిల్లల్లో లోపాలను ముందే కనిపెట్టే కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదట ఇచ్చిన తొమ్మిది పుట్టుకలోపాల్లో గ్రహణం మొర్రి ఉంది, వంకర పాదం ఉంది, పేగు మూత లేదు. మన రాష్ట్రం వరకైనా చేర్పించండి.

పెద్దాసుపత్రికి పంపేటప్పుడు పాలు ఆపి, నోట్లోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి, సిరంజితో లాగి చూడాలి. పుట్టిన బిడ్డ కడుపులోంచి 20 మిల్లీలీటర్లు దాటి వస్తే కింద అడ్డు ఉందనే అనుమానించాలి. ఆ గొట్టం తెరిచే ఉంచి, సెలైన్ పెట్టి, బిడ్డను వెచ్చగా పంపాలి. కుప్పం, వి.కోట నుంచి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు మీదుగా తిరుపతి చేరేసరికి గంటలు పడుతుంది. గొట్టం లేకపోతే దారిలో కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. 108 సిబ్బందికి ఈ ముక్క నేర్పించండి. ముందుగా ఫోన్ చేసి సర్జన్‌కు చెప్పే పద్ధతి పెట్టించండి. కొబ్బరికాయ కొట్టి ప్రారంభించే పని కాదు గనుక ఫొటోలు రావు, అంతే.

2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 74 దేశాల లెక్క వచ్చింది. పేగు, అన్నవాహిక లాంటి చోట్ల పుట్టుకలోపాలున్న బిడ్డల్లో చనిపోయినవాళ్లు ధనిక దేశాల్లో 5.6 శాతం, మధ్య ఆదాయ దేశాల్లో 20.4 శాతం, పేద దేశాల్లో 39.8 శాతం. జబ్బులు అన్నిచోట్లా అవే.

ఈ లేఖ నకలు పశుసంవర్ధక శాఖ మంత్రి గారికీ పంపుతున్నాను. ఆవు చూడి కట్టి ఆరు వారాలు నిండకముందే మలద్వారంలోంచి చేయి పెట్టి చూడి పరీక్ష చేసి పిండసంచిని నొక్కడానికీ, దూడల్లో పెద్దపేగు మూతకూ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో కనబడింది. కాబట్టి తొందరపడి చేయి పెట్టొద్దని కృత్రిమ గర్భధారణ చేసే మా కుర్రాళ్లకు ఒక సర్క్యులర్ పంపమని వారిని అడుగుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ పశువైద్య సహాయకుడు,
పలమనేరు, చిత్తూరు జిల్లా