మన సంఘ వార్షిక నివేదిక

ప్రభువు నామమున సంఘస్తులందరికీ వందనాలు. గత సర్వసభ్య సమావేశం తర్వాత జరిగిన పనులను మీ ముందు ఉంచుతున్నాను. ఆదివారం ఆరాధనలు, సంస్కారపు బల్ల, స్త్రీల మైత్రి కూడికలు, సండే స్కూలు ఎక్కడా ఆగలేదు. అవి మీకు తెలిసినవే కనుక విడిగా రాయడం లేదు. ఆరాధన క్రమం తప్పకుండా నడిపించిన పాస్టరు అయ్యగారికి, సండే స్కూలును కంటికి రెప్పలా చూసుకున్న అమ్మగారికి, ఎండాకాలంలోనూ ప్రాక్టీసు మానని గాయక బృందానికి కమిటీ తరఫున కృతజ్ఞతలు.

ఈ ఏడాది గొప్పగా చెప్పుకోవలసింది డోర్నకల్ ప్రయాణం. అది ఎలా మొదలైందంటే, కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందిన పిల్లలు తమ విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకుంటే, బిషప్ గారు తలపై చేతులుంచి స్థిరపరిచే ఆరాధన) తేదీ రెండోసారి కూడా వాయిదా పడేసరికి క్లాసు పిల్లలు విసిగిపోయి, "మన అయ్యగారే చేతులుంచి ముగించేయొచ్చు కదా, బిషప్ గారే ఎందుకు రావాలి?" అని అడిగారు. పెద్దవాళ్లం మనలో మనం అనుకుంటున్నదే వాళ్లు పైకి అనేశారు. బిషప్ గారే చేతులుంచడం మనకు ఆంగ్లికన్ (ఇంగ్లండు) సంఘం నుంచి వచ్చిన వాడుక అని అయ్యగారు చెప్పారు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఫాక్స్, నోబుల్ దొరలు 1841లో బందరు వచ్చిన నాటి నుంచీ కథ చెప్పుకొచ్చారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాల వారు ఏకమై దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినా, బిషప్పుల వ్యవస్థ మనతో పాటే వచ్చింది. మరి మనవాళ్లలో మొదటి బిషప్ ఎవరని ఇంకో ప్రశ్న. జవాబు అజరయ్య గారు. ఆయన్ను చూపించలేం, డోర్నకల్‌లో ఆయన కట్టించిన గుడి చూపిద్దాం అని ఆ క్లాసులోనే నిర్ణయమైపోయింది. కమిటీ ఆమోదం ఆ తర్వాతే తీసుకున్నాం. నియమం తప్పారని ఒకరిద్దరు గొణిగారు, అదీ మినిట్స్‌లో ఉంది.

పిల్లలతో పాటు పెద్దలు కూడా బయలుదేరడంతో రైల్లో సగం బోగీ మనదే. ఆ గుడి ప్రతిష్ఠ 1939లో జరిగింది. ఇంగ్లండు నమూనా ఎత్తిరాసినట్టు కాకుండా పైన గుమ్మటాలు, లోపల గుడి మండపాన్ని తలపించే స్తంభాలు. ఇది చర్చేనా అని పిల్లలు ఒకటే ఆశ్చర్యం. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగాడని, 1912లో కలకత్తాలో బిషప్ అభిషేకం పొందినప్పుడు ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనేనని అయ్యగారు అక్కడే నిలబడి చెప్పారు. సంఘాల ఐక్యత కోసం అంత పాటుపడ్డ మనిషి, అది చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ మాటకు మన పెద్దమ్మలు కళ్లు తుడుచుకున్నారు. ఇంట్లో కాటకిజం (ప్రశ్నలు-జవాబుల రూపంలో విశ్వాసం నేర్పే) పుస్తకం ముట్టని పిల్లలు వచ్చేటప్పుడు రైల్లో ఒకరినొకరు ప్రశ్నలడుగుతూ కూర్చున్నారు. చివరికి బిషప్ గారు వచ్చారు, కన్ఫర్మేషన్ చక్కగా జరిగింది. పులిహోర పొట్లాలు కట్టిన స్త్రీల మైత్రికి, టికెట్ల సంగతి చూసుకున్న యువజన సంఘం కార్యదర్శికి ప్రత్యేక వందనాలు.

కోతల పండుగ వేలం కూడా బాగా జరిగింది. ఒక గుమ్మడికాయను పాడుకున్నవారే మళ్లీ కానుకగా ఇవ్వడంతో అది మూడుసార్లు అమ్ముడుపోయింది.

లెక్కలు ఆడిటరు గారి సంతకంతో చివరి పేజీల్లో ఉన్నాయి, చూసుకోగలరు. కానుకలు పెరిగాయి, కరెంటు బిల్లూ పెరిగింది. ఫోన్లో చందా పంపేవారు దయచేసి పేరు రాయండి. రసీదు ఎవరి పేరున రాయాలో తెలియక కోశాధికారి గారు తల పట్టుకుంటున్నారు.

ఇక సమాధుల తోట. సర్వే చేసి హద్దులు చూపిస్తేనే ప్రహరీ కట్టగలం. అర్జీ పెట్టి ఏడాది దాటింది. వెళ్లిన ప్రతిసారీ సారు ఫీల్డుకు వెళ్లారంటారు. ఆ ఫీల్డు మన తోట వైపు ఎప్పుడూ ఉండదు కాబోలు. అధికారుల సంగతి అలా ఉంచితే, మనం చేసిందేమిటి? తోట శుభ్రం చేయడానికి వస్తామని చేతులెత్తినవాళ్లతో గుడి సగం నిండింది. ఆ శనివారం కొడవలి పట్టింది మాత్రం ఎప్పుడూ పట్టే ఆ నలుగురైదుగురే. వాళ్లలో ఇద్దరికి మనవలున్నారు. తోటలో ఉన్నది అందరి తాతలూ కదా అని అడగాలనిపించింది, అడుగుతున్నాను.

రాబోయే కార్యక్రమాలు: సెప్టెంబరు 27కు దగ్గరి ఆదివారం సీఎస్‌ఐ దినం, సాక్ష్యం చెప్పేది ఈసారి డోర్నకల్ వెళ్లొచ్చిన పిల్లలే. నవంబరు 2 సమాధుల పండుగకు ముందు శనివారం మళ్లీ శుభ్రం చేసే పని ఉంది, కొడవళ్లు సంఘం ఇస్తుంది, మనుషులు కావాలి. నవంబరు చివర మొదలయ్యే ఆగమన కాలపు నాలుగు ఆదివారాలూ సాయంత్రం కేరల్స్ ప్రాక్టీసు. లెంటులో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలంలో) గృహ కూడికలకు ఇల్లు ఇవ్వదలచినవారు ఇప్పుడే చెబితే మంచిది, నిరుడు ఒకే వీధిలో మూడు ఇళ్లు, మిగతా వీధుల్లో ఒక్కటీ లేదు. శుభ శుక్రవారం ధ్యానించే, యేసు సిలువపై పలికిన ఏడు మాటల్లో రెండు మాటలు ఈసారి యువజనులకు ఇవ్వాలని కమిటీ అనుకుంటోంది. అభ్యంతరం ఉన్నవారు ఈ సమావేశంలోనే లేచి చెప్పాలి, ఇంటికెళ్లి వాట్సాప్ గ్రూపులో కాదు.

పేర్లు రాసుకోవడానికి పుస్తకం వెనక బెంచీ దగ్గర పెట్టాం. పెన్ను కూడా కట్టి ఉంచాం.

ఇట్లు,
సంఘ కార్యదర్శి