ఒప్పుకున్న రేటుకు పప్పునూనె పంపకపోవడంపై ఫిర్యాదు

నూనె మిల్లు మేనేజరు గారికి,

నమస్కారం. మాది ఉయ్యూరులో చిన్న పచ్చళ్ల యూనిట్. ఏప్రిల్‌లో 40 టిన్నుల పప్పునూనెకు, టిన్ను 15 కిలోలు, కిలో 320 రూపాయల చొప్పున మీకు ఆర్డరిచ్చి సగం డబ్బు 96,000 అడ్వాన్సు కట్టాను. నా గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బది. ఆర్డరు కాగితం మీద మీ సంతకం, స్టాంపు రెండూ ఉన్నాయి.

తీరా మే నెలలో మామిడికాయ దిగాక, కిలోకు 45 పెంచితేనే లోడు కదులుతుందన్నారు. కాగితం చూపిస్తే సరేనన్నారు. ‘బండి బయల్దేరింది, రాత్రికి మీ దగ్గరుంటుంది’ అని మీ సేల్స్ అబ్బాయి వాట్సాప్‌లో పెట్టాకే నున్న మార్కెట్ నుంచి చిన్నరసాలు దింపించి కొట్టించాం. బండి రాలేదు. జీడి తీసి, తుడిచి, గుడ్డల మీద పరిచిన ముక్కలు ఒక పక్క, కలిపి ఉంచిన ఆవపిండి, కారం, ఉప్పు ఒక పక్క. ‘ఇంకా ఆగమంటారా అక్కా?’ అని పనివాళ్లు అడుగుతుంటే వాళ్ల మొహాలు చూడలేక పెరట్లోకి వెళ్లిపోయాను. దొరికినచోటల్లా చిల్లర రేటుకు నూనె కొని సగం కలిపాం. మిగతా ముక్క మెత్తబడితే పారబోశాం. ఆ తర్వాత మీరు పంపింది 15 టిన్నులే.

మా పచ్చళ్ల కోసం చూస్తున్న హైదరాబాద్ షాపులవాళ్ల నంబరు ఫోన్లో కనబడితే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నూనె రాలేదంటే సాకులు చెబుతున్నానని వాళ్ల అనుమానం. ఇంట్లో లెక్కల పుస్తకం తీస్తే చాలు, మా ఆయనకూ నాకూ గొడవే. మీవాళ్లేమో ‘ఇది బిజినెస్ మేడమ్, పర్సనల్‌గా తీసుకోకండి’ అన్నారు. తాకట్టులో ఉన్నవి నా చేతి గాజులండీ!

మాట తప్పితే దానివల్ల కలిగిన నష్టం కట్టాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్‌లో ఉంది. నిద్రపట్టని రాత్రులకు అందులో లెక్క లేదని మా లాయరు గారు చెప్పారు. కాబట్టి లెక్కకొచ్చేవే అడుగుతున్నాను. వచ్చిన టిన్నులకు 72,000 పోగా అడ్వాన్సులో మిగిలిన 24,000, బయట కొన్న నూనెకు ఎక్కువ పెట్టింది, పారబోసిన కాయ ఖరీదు. బిల్లులు జతచేశాను.

వీటికన్నా ముఖ్యం ఇంకోటి. ఆలస్యం మీవల్లే జరిగిందని మీ లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం చేసి పంపండి. షాపులవాళ్లకు చూపించుకోవాలి. డబ్బు రెండు వాయిదాల్లో ఇచ్చినా సర్దుకుంటాను గానీ ఆ కాగితం ఈ వారంలోనే కావాలి. 15 రోజుల్లో ఏదీ రాకపోతే లాయరు నోటీసు పంపిస్తాను.

ఇట్లు,
పచ్చళ్ల యూనిట్ యజమానురాలు,
ఉయ్యూరు