ఆవకాయ రంగు, ట్యూబ్‌లైటు నంబరు

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశా. అద్దిల్లు బాగానే ఉందట, రాత్రయితే మాత్రం హాలు ఆస్పత్రి వరండాలా ఉండి కూర్చోబుద్ధి కావట్లేదట! నవ్వొచ్చిందిరా, పోయినేడాది మా ఇంట్లో ఇదే గోల.

వంటింట్లో ట్యూబు రెండు చివర్లా నల్లబడి టపటపలాడుతుంటే, వీధి చివర షాపులో నాలుగడుగులది ఒకటిమ్మని అడిగి, అతనిచ్చింది తెచ్చి బిగించేశా. ఆ రాత్రి అమ్మ కొత్తావకాయ వడ్డించింది. ఎర్రగా నిగనిగలాడాల్సిన ముక్క ఇటుకపొడిలో దొర్లించినట్టుంది. కారం పాతదేమోనని ఆవిడకి ఒకటే దిగులు. పొద్దున కిటికీ దగ్గర మూత తీస్తే జాడీ బ్రహ్మాండంగా ఉంది!

అప్పుడు ట్యూబు దింపి చూశా. చివర్లో చిన్నగా 765 అని ఉంది. ఆ మొదటి అంకె రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్తుంది, వందకి డెబ్బైల్లో ఉంటే 7, ఎనభైల్లో ఉంటే 8. మిగతా రెండూ వెలుగు రంగు: 65 అంటే 6500 కెల్విన్, నీలం కలిసిన తెలుపు, 40 మధ్యరకం, 30, 27 అయితే పాత బల్బులాంటి పసుపు. ఈ రెండంకెల నంబరు పెద్దదైతే వెలుగెక్కువ అనుకునేవు, కాదు. 7 రకంలో ట్యూబు లోపల పూసేది పాతకాలపు పొడి, దాంట్లో ఎరుపు తక్కువ. 8 రకంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఇచ్చే మూడు పొడులు కలుపుతారు. ఖరీదు కాస్త ఎక్కువే, కానీ 36 వాట్లకే 765 దాదాపు 2500 ల్యూమెన్ల వెలుగిస్తే 865 దాదాపు 3250 ఇస్తుంది.

నువ్వు హాల్లోకి 830, వంటింట్లోకి 840 అడుగు. చిన్న షాపుల్లో దొరకడం కష్టం, మనవాళ్లకి పాలలా తెల్లగా ఉంటేనే లైటు వెలిగినట్టు. చీరని గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూసుకుంటారే, అలాగే షాపులో వెలిగించమని కింద అరచెయ్యి పెట్టి చూడు, బతికున్న మనిషి చెయ్యిలా కనిపిస్తేనే తెచ్చుకో.

పాత చోకైతే వెలుగు సెకనుకి వందసార్లు తగ్గి పెరుగుతుంది, నీ తలనొప్పికి అదీ కారణమేమో. ఓనరు ఒప్పుకుంటే ఎలక్ట్రానిక్ చోక్ వేయించు, స్టార్టర్ గొడవ కూడా ఉండదు. ట్యూబు బిగించే పట్టీలే మార్చనిస్తే ఎల్ఈడీ పెట్టేసేయ్, డబ్బా మీద కెల్విన్ మాత్రం చూసుకో. తీసేసిన ట్యూబుని పిల్లలకి అందనివ్వకు, లోపల పాదరసం ఉంటుంది.

మార్చాక ఫోటో పంపకు, ఫోను రంగుల్ని తనకి నచ్చినట్టు సర్దేస్తుంది. ఆదివారం నేనే వస్తా. ఆవకాయ తెస్తున్నా, అన్నం వండి ఉంచు.

నీ రాజు