బెర్గెన్ ఒకరోజు యాత్రలో పడవ ప్రయాణం లేకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

నార్వేలోని బెర్గెన్ నుంచి ఫ్లోమ్ గ్రామానికి వెళ్లివచ్చే ఒకరోజు యాత్రను హైదరాబాద్‌లోని మీ కార్యాలయం ద్వారా మా కుటుంబానికి బుక్ చేసుకున్నాను. వోస్ మీదుగా గుడ్వాంగెన్ దాకా బస్సు, అక్కడి నుంచి నేరోయ్ ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయ) గుండా ఫ్లోమ్‌కు దాదాపు రెండు గంటల పడవ, తిరుగు ప్రయాణం మిర్దాల్ మీదుగా రైలులో అని మీ కార్యక్రమ పత్రంలో ఉంది. రైలు ప్రయాణంలో ఏ లోపమూ లేదు. 20 కిలోమీటర్లలో 860 మీటర్లకు పైగా ఎక్కే ఆ రైలులో మీ గైడు కిటికీ పక్క సీట్లే ఇప్పించారు. నా ఫిర్యాదు పడవ గురించి.

ఆ రోజు ఉదయం ఓడరేవు దగ్గర ఎక్కాల్సిన మరో బృందం కోసం బస్సును గంటకు పైగా ఆపారు. గుడ్వాంగెన్ చేరేసరికి మా పడవ వెళ్లిపోయింది. తర్వాతి పడవలో చోటుందేమోనని కనీసం అడగకుండా గైడు మమ్మల్ని అదే బస్సులో ఫ్లోమ్‌కు తీసుకెళ్లారు. ఆ దారి చాలావరకు సొరంగాలే: మొదట 11 కిలోమీటర్ల గుడ్వాంగ సొరంగం, ఉన్‌డ్రెడాల్ దగ్గర కాస్త వెలుతురు, వెంటనే మరో ఐదు కిలోమీటర్ల సొరంగం. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఫియోర్డ్‌ను చూద్దామని వెళ్లి, బస్సు అద్దాల్లో మా ముఖాలు మేమే చూసుకుంటూ బయటపడ్డాం.

వర్షం కారణంగా పడవ కుదరలేదని మీ మొదటి జవాబు. వాన పడిన మాట నిజమే. బెర్గెన్ ప్రాంతంలో వాన లేని రోజు దొరకడమే గొప్ప, అందుకే రెయిన్‌కోట్లు తెచ్చుకోమని మీరే రాశారు. కానీ పడవలు ఆగలేదు. మేము ఫ్లోమ్ రేవులో నిలబడి ఉండగానే గుడ్వాంగెన్ నుంచి పడవ వచ్చింది, తడిసిన రెయిన్‌కోట్లతో జనం దిగారు. సమయంతో సహా ఆ ఫోటోను జతచేశాను.

ఎలాగైనా ఫ్లోమ్ చేరారు కాబట్టి సేవ అందినట్లేనని మీ రెండో జవాబు. ఇది మరీ విడ్డూరం. ఫ్లోమ్ చేరడమే కావాలంటే బెర్గెన్ నుంచి రైళ్లున్నాయి, మీకు అంత సొమ్ము చెల్లించే అవసరం మాకు లేదు. నేరోయ్ ఫియోర్డ్ 17 కిలోమీటర్ల పొడవున సాగి, ఇరుకైన చోట 250 మీటర్ల వెడల్పుకు తగ్గుతుంది. రెండు వైపులా నిటారుగా లేచిన కొండలనూ వాటి మీది నుంచి దూకే జలపాతాలనూ నీళ్ల మీద ఉండి చూడాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు కూర్చున్నచోటి నుంచే చూడగలరని, బెర్గెన్‌లో ఉల్రికెన్ కొండ నుంచి ఫ్లోయెన్ కొండ దాకా సాగే నడకను సైతం మానుకొని మేమంతా ఈ యాత్రను ఎంచుకున్నాం.

కనుక పడవ ప్రయాణానికి సంబంధించిన మొత్తాన్ని పూర్తిగా వాపసు చేసి, బస్సును ఎవరి నిర్ణయంతో ఆపారో, వర్షాన్ని ఎందుకు సాకుగా చూపారో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మా నివాస ప్రాంతంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

జతపరచినవి: బుకింగ్ రసీదు, కార్యక్రమ పత్రం, ఫ్లోమ్ రేవు ఫోటో, మీ రెండు జవాబుల ప్రతులు.

ఇట్లు,
భవదీయుడు