మామా, నా బల్లి ఓడిపోయింది

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఫోన్లో చెబుదామనుకున్నా గానీ, నువ్వు మధ్యలో నవ్వడం మొదలుపెడితే ఇక నావల్ల కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా. నవ్వేదేదో మొత్తం చదివాక నవ్వుకో.

ఈమధ్య ఒక పోటీకి బొమ్మ గీసి పంపాను. నలభై దగ్గరపడుతున్నవాడికి ఇదేం పిచ్చి అంటావని తెలుసు. డిజిమాన్ వర్చువల్ పెట్ ఉంటుంది చూడు, చిన్న తెరలో జీవిని పెంచుకునే ఎలక్ట్రానిక్ బొమ్మ, దాంట్లో పెట్టదగ్గ కొత్త వింతజీవిని చుక్కలతో, అంటే పిక్సెళ్లతో, గీయాలి. కంపెనీవాళ్లు పెట్టింది కాదులే, అభిమానులు నలుగురూ కలిసి సరదాకి పెట్టుకున్నది. డబ్బూ లేదు, కప్పూ లేదు. ఎక్కువ ఓట్లొచ్చిన బొమ్మని, వాళ్లలో ఒకాయన సొంతంగా చేసుకుంటున్న చిన్న ఆటలో పెడతాడు. అంతే. దీనికోసం పదకొండు రాత్రులు నిద్ర పాడుచేసుకున్నా.

నీకు టీవీలో వచ్చిన డిజిమానే గుర్తుండి ఉంటుంది. అసలు కథ అక్కడ మొదలవలేదు. 1996 నవంబరులో జపాన్‌లో బందాయ్ కంపెనీ తమగోచి తెచ్చింది. గుడ్డు ఆకారం, కీచైన్, లోపల ఆకలేస్తే అరిచే ప్రాణి. ఆడపిల్లలు ఎగబడి కొన్నారు. మగపిల్లల కోసం అదే పద్ధతిలో కొట్లాడే ప్రాణి కావాలని 1997 జూన్‌లో డిజిటల్ మాన్‌స్టర్, అదే డిజిమాన్, వదిలారు. అలాంటి రెండు బొమ్మల తలలు ఒకదానికొకటి ఆనిస్తే లోపలి జీవులు కొట్టుకుంటాయి. టీవీ సీరియల్ వచ్చింది 1999లో. అంటే బొమ్మ ముందు, కథ తర్వాత.

మనకి మాత్రం బీసెంట్ రోడ్డులో కొన్న నకిలీ గుడ్డే దిక్కు. అట్ట మీద 168 జంతువులని రాసుండేది, ఏది చూసినా ఒకేలా ఉండేది. తొమ్మిదో తరగతిలో నీ గుడ్డు క్లాసు మధ్యలో కీచుమంటే సోషల్ సారు లాక్కుని సొరుగులో పడేశాడు గుర్తుందా? శనివారం దాకా ఆ సొరుగులోంచి అరుస్తూనే ఉంది. తిరిగిచ్చేసరికి లోపలి ప్రాణి పోయింది. నువ్వు మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. నన్ను నవ్వేముందు అది తలుచుకో.

సరే, పోటీ సంగతికొస్తా. నియమం ఒక్కటే: అడ్డం 16, నిలువు 16, నలుపు తప్ప ఇంకో రంగు లేదు. పాత డిజిమాన్ తెర మొత్తం కలిపినా అడ్డంగా 32 చుక్కలు, నిలువుగా 16. అందులో సగం మన జీవిది, మిగతా సగం అది అటూ ఇటూ తిరగడానికీ, పెంట పెట్టడానికీ. మొదటి వెర్షన్‌లో ఉన్నవన్నీ కలిపి 14 జీవులే. వాటిని గీసిన కెంజి వతనబే మీద అమెరికన్ కామిక్స్ ప్రభావం బాగా ఉంది. ఆయన పెద్ద కాగితం మీద వేసిన చిత్రాలు చూస్తే కండలూ గోళ్లూ భయంకరంగా ఉంటాయి. అదే జీవి తెర మీదికొచ్చేసరికి అరవేలంత నల్లమచ్చ. అయినా దూరం నుంచి చూసి ఇది గ్రేమాన్, ఇది డెవిమాన్ అని చెప్పేయొచ్చు. ఆ విద్యేంటో తెలుసుకోవాలనే నేనీ గోతిలో దూకింది.

మొదట మా పెద్దాడి గ్రాఫ్ పుస్తకం తీసుకుని పెన్సిల్‌తో గడులు నింపుతూ కూర్చున్నా. మా అమ్మ వెనకనుంచి చూసి, "ఏం ముగ్గు రా అది?" అంది. కాదమ్మా, జంతువు, పదహారు చుక్కల్లో వెయ్యాలి అన్నాను. "పదహారేంటి, బేసి పెట్టుకోవాలి గానీ? సరి పెడితే నడిమి చుక్క ఎక్కడొస్తుంది?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను పెన్సిల్ పట్టుకుని అలాగే ఉండిపోయాను రా. నాలుగు రోజులుగా ముక్కు కుదరక చస్తున్నా. ఓ చుక్క అటుపెడితే ముఖం వంకర, ఇటుపెడితే వంకర, రెండు పెడితే పంది. సరిసంఖ్యలో మధ్య గడి ఉండదు కదా, ముక్కు ఎక్కడ కూర్చుంటుంది? తర్వాత పాత డిజిమాన్‌లు తీసి చూస్తే దాదాపు అన్నీ ఎడమవైపుకి తిరిగే ఉంటాయి. పక్కకి తిరిగినవాడికి నడిమి చుక్క గొడవే లేదు. జపాన్‌వాళ్లూ దీనికోసమే అలా గీశారో లేదో గానీ, నా ముక్కు మాత్రం అలాగే కుదిరింది.

ఇక జీవి ఏంటంటే, బల్లి. నవ్వకు. ఈ ఆటలో పెంపకాన్ని బట్టి జీవి మారుతుంది. తిండి వేళకి పెట్టి, కసరత్తు చేయించి, బాగా చూసుకుంటే గ్రేమాన్ లాంటి వీరుడవుతాడు. గాలికొదిలేస్తే నుమెమాన్ వస్తాడు. జిగటగా, కళ్లు కొమ్ముల చివర పెట్టుకుని, పెంట విసిరి యుద్ధం చేసే నత్తజాతి వెధవ. విచిత్రమేంటంటే వాణ్ణి ఓపిగ్గా పెంచితే మోంజాయెమాన్ అవుతాడు, వీపు మీద జిప్పున్న పసుపు టెడ్డీబేర్. చాలామంది అభిమానులకి ఈ నుమెమాన్ అన్నా ప్రాణమే. పోటీకొచ్చిన బొమ్మల్లో సగం డ్రాగన్లు, అన్నిటికీ రెక్కలు, కత్తులు. 16 గడుల్లో రెక్కలూ కత్తీ కలిపి పెడితే పొద చాటున మేక నిలబడ్డట్టుంటుంది. అందుకని నేను చెడ్డ పెంపకం వైపుకెళ్లాను.

ఆటలో జీవి పడుకున్నాక మనం లైటు ఆర్పాలి. ఆర్పకపోతే అది పెంపకంలో తప్పు కింద లెక్క. మరి రాత్రంతా లైటు వెలుగుతుంటే మనింటికి ఎవరొస్తారు? ట్యూబులైటు పక్కన బల్లి! లైటు ఆర్పకుండా వదిలేసినవాడికి బల్లిమాన్ వస్తాడన్నమాట. ఈ ఆలోచన వచ్చిన రాత్రి మా ఆవిణ్ణి లేపి చెప్పాను. ఆవిడ ఏమందో రాయను.

పొట్ట నేలకి ఆనించి, తోక పైకి చుట్టి గీశా. కన్ను నల్లటి తలలో ఒకే ఒక తెల్ల గడి. దాన్ని ముందుకి ఒక గడి జరిపితే తెలివైనవాడిలా ఉన్నాడు, వెనక్కి జరిపితే అప్పులవాడు ఎదురైనట్టున్నాడు. ఒక్క గడి రా! నడక రెండు బొమ్మలు, తిండి రెండు, నిద్ర ఒకటి, కోపం ఒకటి. కడుపు నిండి వద్దన్నప్పుడు తల ఊపడానికి కొత్తగా గీయక్కర్లేదు, ఉన్న బొమ్మనే ఇటూ అటూ తిప్పి చూపిస్తారు. నాకు బాగా నచ్చింది మాత్రం ఓడిపోయే బొమ్మ. దెబ్బ తగలగానే తోక తెగి కింద పడుతుంది. తర్వాతి బొమ్మలో బల్లి మాయం, తోక ఒక్కటే కొట్టుకుంటూ ఉంటుంది. మా చిన్నది అది చూసి పదిసార్లు మళ్లీ పెట్టించుకుంది.

అంతా చేసి, చివర్లో తెలివితక్కువగా జేపీజీలో పంపాను. చుక్కల బొమ్మని జేపీజీ చేస్తే గడుల అంచుల చుట్టూ బూడిదరంగు మరకలొస్తాయి. "మీ బల్లికి బూజు పట్టింది, పీఎన్‌జీలో పంపండి" అని వెనక్కి కొట్టారు. గడువు ఇంకా ఒక రోజుంది కాబట్టి సరిపోయింది.

ఓటింగ్‌లో ఎవరో విదేశీయుడు ఈ బల్లికి ప్రత్యేక శక్తి ఏంటని అడిగాడు. మీద పడుతుంది అన్నాను. పడితే ఏమవుతుంది అన్నాడు. ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది, మా పంచాంగంలో పట్టిక ఉంది, మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి అని రాశాను. వాడు నేను ఆట కోసం కల్పించాననుకుని తెగ మెచ్చుకున్నాడు. నేనూ ఖండించలేదు.

నాలుగో స్థానం వచ్చింది. గెలిచింది చిరిగిన సాక్సు. నిజంగా సాక్సే. 16 గడుల ఎత్తులో తొమ్మిదే వాడుకున్నాడు, పైనంతా ఖాళీ. బొటనవేలి దగ్గరి చిరుగే నోరు. ఆకలి పెరిగేకొద్దీ ఆ చిరుగు ఒక్కొక్క గడి పెద్దదవుతుంది, తిండి పెడితే కుట్టేసినట్టు మూసుకుంటుంది. నా ఓటు కూడా దానికే వేశాను. నా బల్లి మీద ప్రేమ ఉంది గానీ, సాక్సు సాక్సే.

ఇది పిల్లలాట అని తీసిపారేయకు. 1988లో క్యాప్‌కామ్ అనే వీడియోగేమ్ కంపెనీవాళ్లు రాక్‌మాన్ అనే తమ రెండో ఆటకి విలన్లని గీసి పంపమంటే పిల్లల దగ్గర్నుంచి 8 వేలకు పైగా బొమ్మలొచ్చాయి. ఆ పోటీ తర్వాతి ఆటలకీ నడిచింది. నాలుగో దాంట్లో డస్ట్ మాన్, ఐదో దాంట్లో క్రిస్టల్ మాన్ ఒక్క పిల్లవాడి ఊహలే. ఆ పిల్లవాడే పెద్దయ్యాక వన్ పంచ్ మాన్ అనే కామిక్‌కి బొమ్మలేసిన యూసుకే మురాత. నేనిప్పుడు పెద్దయ్యేదేమీ లేదనుకో, అది వేరే విషయం.

అసలు రాయాల్సింది మర్చిపోయా. వచ్చే నెల మళ్లీ పోటీ ఉంది. ఈసారి గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పసిగుడ్డు జీవి, 8 అడ్డం 8 నిలువు. నువ్వు చిన్నప్పుడు నోటుపుస్తకం వెనక అట్ట మీద గీసేవాడివే, కొమ్మున్న ఇడ్లీ, అది సరిగ్గా సరిపోతుంది. గీసి పంపు. పీఎన్‌జీలో పంపు. మీ ఆవిడనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. ఇక్కడ పన్నెండు దాటింది, లైటు ఆర్పమని లోపల్నుంచి రెండోసారి కేక వచ్చింది. ఉంటా మరి.

నీ,
బల్లిగాడు