ట్రెడ్‌మిల్ కొనేముందు దాని వెనక భాగం చూడండి

సంపాదకులకు నమస్కారం.

నేను గుంటూరులో ఒక ఫార్మసీ కాలేజీ యానిమల్ హౌస్‌లో టెక్నీషియన్‌ని. ఎలుకల పెట్టెల్లో ఊక మార్చడం, మేత, నీళ్లు చూడటం, విద్యార్థుల ప్రయోగాలకు సాయపడటం నా పని. షుగర్ మీద వ్యాయామం ఎలా పనిచేస్తుందో చూడటానికి ఎలుకల ట్రెడ్‌మిల్ కొనాలంటే మా దగ్గర మూడు కొటేషన్లు తెప్పిస్తారు. ఎన్ని లేన్లు (ఒక్కో ఎలుక పరిగెత్తే విడి దారి), ఎంత రేటు అన్నదే చూస్తారు. తక్కువ రేటుకే ఆర్డర్ వెళుతుంది. ఎలుకను చేత్తో పట్టుకుని బెల్ట్ మీద పెట్టేవాళ్లను ఎవరూ అడగరు.

చూడాల్సింది బెల్ట్ వెనక ఉండే షాక్ కడ్డీలను. పరుగు ఆపిన ఎలుక వెనక్కి జారి వాటిని తాకుతుంది. షాక్‌ను తగ్గించుకునే వీలుందా? అలసిపోయిన ఒక్క ఎలుక లేన్‌కే కరెంట్ ఆపగలమా? ఏ ఎలుకకు ఎన్ని షాక్‌లు తగిలాయో మెషిన్ లెక్కపెడుతుందా? ఈ మూడూ లేకపోతే అది ఎంత చవకగా వచ్చినా వద్దు. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందుతో షుగర్ తెప్పించిన ఎలుకలు మూత్రం ఎక్కువ పోస్తాయి. కడ్డీల మధ్య తడి, పెంటికలు చేరితే కరెంట్ సరిగా అందదు, ఒక్కో ఎలుకకు ఒక్కోలా తగులుతుంది. కాబట్టి కడ్డీల కింది ట్రే ఊడదీసి కడిగేలా ఉండాలి. బెల్ట్‌కూ గోడకూ మధ్య సందులో తోకలు, కాలివేళ్లు నలుగుతాయి. ఆ సందును కళ్లతో చూడకుండా సంతకం పెట్టకూడదు.

జాలి ఒక్కటే కాదు నా కారణం. భయంతో పరిగెత్తే ఎలుకలో కార్టికోస్టెరాన్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది, దానితో రక్తంలో గ్లూకోజ్ కూడా పెరుగుతుంది. అప్పుడు విద్యార్థులు థీసిస్‌లో రాసేది వ్యాయామం ఫలితమా, షాక్ ఫలితమా? అందుకే పోలిక కోసం ఉంచే, పరిగెత్తని గుంపును కూడా ఆపి ఉంచిన బెల్ట్ మీద అంతసేపూ ఉంచాలి. మొదటి వారమంతా వాలు లేకుండా, నిమిషానికి 5 మీటర్ల వేగంతో మొదలుపెట్టి అలవాటు చేయాలి. కదలని ఎలుకను మెత్తటి బ్రష్‌తో వెనక తాకితే చాలాసార్లు ముందుకు పోతుంది, కరెంట్ అవసరమే రాదు. ఇది నేను రోజూ చూసేదే.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా! ఎలుకకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వేడిని పోగొట్టుకోవడంలో దాని తోక పాత్ర పెద్దది. మే నెలలో ఏసీ ఆగిన గదిలో, గాలి ఆడని మూత కింద దాన్ని పరిగెత్తిస్తే ప్రాణానికే ముప్పు. పైగా ఎలుక రాత్రి తిరిగే జీవి. మనకు వీలని మధ్యాహ్నం పూట నిద్రలేపి పరిగెత్తిస్తున్నాం. గది లైట్లకు టైమర్ పెట్టి పగలూ రాత్రీ తారుమారు చేయడానికి పెద్ద ఖర్చు కాదు.

జంతు ప్రయోగాలపై కేంద్రం తెచ్చిన 1998 నిబంధనల ప్రకారం ప్రయోగానికి కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అందులో పశువైద్యుడు ఉంటారు, బయటి సభ్యులూ ఉంటారు. మా దగ్గర దరఖాస్తులో ‘ట్రెడ్‌మిల్’ అని ఒక్క మాట రాస్తే సరిపోతోంది. విజయవాడ, గుంటూరు కాలేజీల కమిటీ సభ్యులకు నా విన్నపం: ఆర్డర్ ఇవ్వకముందే కంపెనీవాళ్లను మెషిన్ తెచ్చి నడిపి చూపించమనండి. ఆ రోజు యానిమల్ హౌస్ మనిషిని కూడా పక్కన నిలబెట్టుకుని అతని మాట వినండి.

— ఒక యానిమల్ హౌస్ టెక్నీషియన్, గుంటూరు